బ్రాంచ్ మార్చాలా, కాలేజీ మార్చాలా? బెజవాడ, గుంటూరు విద్యార్థులకు

అవతల సీటు కాగితం మీద ఖాయం కాకముందు ఇవతల టీసీ తీసుకోకండి. మిగతాదంతా తీరిగ్గా చదువుకోవచ్చు కానీ ఈ మాట మాత్రం ముందే చెప్పాలి, ఎందుకంటే గుంటూరు వైపు ఒక ఇంజినీరింగ్ కాలేజీ అడ్మిషన్ల సెక్షన్‌లో పనిచేస్తూ నేను చూసిన ఏడుపుల్లో ఎక్కువ భాగం ఇక్కడి నుంచి వచ్చినవే. "సీటు ఉంది, టీసీ పట్టుకుని వచ్చెయ్" అని ఎవరో ఫోన్‌లో చెబుతారు. పిల్లాడు వెళ్లి టీసీ తెచ్చేసుకుంటాడు. తీరా వచ్చాక ఆ బ్రాంచ్‌లో ఖాళీ లేదనో, యూనివర్సిటీ అనుమతి రాలేదనో తెలుస్తుంది. అప్పటికే పాత కాలేజీ రిజిస్టర్లో పేరు కొట్టేసి ఉంటారు, కొత్తచోట పేరు ఎక్కదు, రోజులు గడిచేకొద్దీ అటెండెన్స్ పోతుంది, చివరికి సంవత్సరం పోతుంది.

కాబట్టి ఇది తొందరపడి చేసే పని కాదు. అలాగని భయపడి మానేసే పని కూడా కాదు. నిజంగా మారాల్సినవాళ్లు మారి బాగుపడటం కూడా నేను చూశాను.

మీకు పడనిది ఏది?

"ఈ బ్రాంచ్ నా వల్ల కాదు సార్" అని వచ్చే పిల్లలతో కాసేపు కూర్చుని మాట్లాడితే సగం మందికి బ్రాంచ్‌తో గొడవే ఉండదు. కొందరికి హాస్టల్ పడదు. కొందరు రోజూ నందిగామ నుంచో సత్తెనపల్లి నుంచో బస్సులో వచ్చి వెళ్తూ ఇంటికి చేరేసరికి పుస్తకం పట్టుకునే ఓపిక లేక వెనకబడతారు. కొందరికి ఒక్క సబ్జెక్టు చెప్పే మాస్టారితో పడదు, దాంతో మొత్తం కోర్సు మీదే విరక్తి వస్తుంది.

అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇంగ్లీషు. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఇంటర్లో లెక్కల్లో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలు బీటెక్ మొదటి సెమిస్టర్లో క్లాసులో ఏం జరుగుతుందో అర్థం కాక, "నాకు బుర్ర లేదు, వేరే ఏదైనా చేస్తా" అనే దాకా వెళ్తారు. ఇది చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది, ఎందుకంటే వీళ్లలో చాలామంది తెలివైనవాళ్లు, రెండో సంవత్సరం చివరికల్లా పుంజుకునేవాళ్లు. మీరు ఆ కోవలో ఉంటే ముందు ఒక పని చేయండి. మీకు కష్టంగా ఉన్న పాఠాన్నే తెలుగులో చెప్పిన వీడియో ఒకటి వెతికి చూడండి, తర్వాత అదే పాఠాన్ని ఇంగ్లీషు పుస్తకంలో చదవండి. తెలుగులో విన్నప్పుడు అర్థమైందంటే మీ ఇబ్బంది సబ్జెక్టుతో కాదు, భాషతో. కాలేజీ మారితే భాష మారదు కదా, అక్కడా ఇంగ్లీషే.

అలాగే వేరే మాస్టారి పాఠంతో కూడా పరీక్షించుకోవచ్చు. స్వయం, ఎన్‌పీటీఈఎల్ అనే ఆన్‌లైన్ పాఠాల వెబ్‌సైట్లలో ఐఐటీ ప్రొఫెసర్ల పాఠాలు ఉచితంగా ఉన్నాయి. మీ క్లాసులో నిద్రొచ్చిన సబ్జెక్టు అక్కడ విన్నప్పుడు ఆసక్తిగా అనిపిస్తే తేడా చెప్పే విధానంలో ఉందన్నమాట. అప్పుడు ఆలోచించాల్సింది కాలేజీ గురించి, బ్రాంచ్ గురించి కాదు. అక్కడ విన్నా, పుస్తకం మార్చినా, సీనియర్ కూర్చోబెట్టి చెప్పినా ఏ మాత్రం మనసు పెట్టబుద్ధి కాకపోతే అప్పుడు బ్రాంచ్‌ని అనుమానించండి.

ఇక్కడ ఒక చిక్కుంది. బీటెక్ మొదటి సంవత్సరం మార్కులు చూసి బ్రాంచ్ గురించి ఏమీ తేల్చలేం. జేఎన్‌టీయూ కాకినాడ ఆర్23 సిలబస్ తీసి చూడండి, 2023-24లో చేరినవాళ్ల నుంచి అమల్లో ఉన్నది. లెక్కలు, ఫిజిక్స్, కెమిస్ట్రీ, ఇంగ్లీషు, ఇంజినీరింగ్ గ్రాఫిక్స్, ప్రోగ్రామింగ్, బేసిక్ సివిల్ అండ్ మెకానికల్, బేసిక్ ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్, ఇలా మొదటి ఏడాది సబ్జెక్టులు దాదాపు అన్ని బ్రాంచ్‌లకీ ఒకటే. మెకానికల్ అబ్బాయికి సీ ప్రోగ్రామింగ్ పోయిందంటే మెకానికల్ పడలేదని కాదు. బ్రాంచ్ అసలు రుచి తెలిసేది 2-1లోనే, అంటే రెండో సంవత్సరం మొదటి సెమిస్టర్లోనే. కానీ రూల్స్ ఒప్పుకునేచోట మారే అవకాశం ఎక్కువగా ఉండేది మాత్రం మొదటి సంవత్సరం పూర్తయ్యాకే.

అందుకే 1-2 నడుస్తుండగానే రెండో సంవత్సరం సబ్జెక్టుల్ని కాస్త తడిమి చూడాలి. సిలబస్ పీడీఎఫ్‌లో 2-1 నుంచి 3-2 దాకా ఉన్న పేర్లన్నీ ఒక కాగితం మీద రాసుకోండి, సీనియర్ల దగ్గర పుస్తకాలు అడిగి తీసుకోండి, లేదా ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో నిలబడి ఆ పుస్తకాల్లో మొదటి రెండు చాప్టర్లు తిరగేయండి. పాత ప్రశ్నపత్రాలు చూడండి. ఈఈఈ వాళ్లయితే సర్క్యూట్స్, సీఎస్ఈ వాళ్లయితే డేటా స్ట్రక్చర్స్, సివిల్ వాళ్లయితే స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్, ఈ ఒక్కొక్కటి ఆ బ్రాంచ్‌కి వెన్నెముక లాంటిది. దాంతో వారం పది రోజులు కూర్చోగలిగితే ఆ బ్రాంచ్‌లో మీరు ఉండగలరు.

బ్రాంచ్ ఎంచుకునేటప్పుడు

ఇంకా చేరనివాళ్లు, కౌన్సెలింగ్‌కి కూర్చోబోయేవాళ్లు ఇది జాగ్రత్తగా చదవండి. తర్వాత మార్చుకుందాంలే అనుకుని ఏదో ఒక బ్రాంచ్‌లో చేరిపోవడం మన దగ్గర చాలా ప్రమాదం. అడ్మిషన్ల ప్రక్రియ ముగిశాక బ్రాంచ్ మార్పు ఉండదని జేఎన్‌టీయూ కాకినాడ రూల్స్‌లో రాసే ఉంటుంది. "ఫస్టియర్లో టాపర్‌గా వస్తే సీఎస్ఈకి మారుస్తాం" అని ఎవరైనా నోటిమాటగా చెబితే ఏ రూల్ ప్రకారమో చూపించమనండి. డీమ్డ్, ప్రైవేటు యూనివర్సిటీలకు సొంత నిబంధనలు ఉంటాయి, అక్కడ కూడా అకడమిక్ రెగ్యులేషన్స్ అనే పుస్తకంలో ఏం రాశారో అదే చెల్లుతుంది కానీ అడ్మిషన్ డెస్క్ దగ్గర చెప్పిన మాట చెల్లదు.

ఈఏపీసెట్ వెబ్ ఆప్షన్ల విషయంలో చాలామంది అక్కర్లేని తెలివి చూపిస్తారు. "నా ర్యాంకుకి అది రాదు, పైన పెడితే ఆప్షన్ వేస్ట్ అవుతుంది" అని నిజంగా కావాల్సినదాన్ని కింద పెడతారు. ఆప్షన్ వేస్ట్ అవడమనేది లేదు. మీ ర్యాంకుకి, మీ కేటగిరీకి అందేవాటిలో మీ జాబితాలో అన్నిటికంటే పైన ఉన్నది వస్తుంది, అంతే. మనసులో ఉన్న వరస ఏదో అదే వరసలో పెట్టండి. రెండో విడతలో మాత్రం జాగ్రత్త: కొత్త సీటు వస్తే పాతది దానంతటదే పోతుంది, మళ్లీ రమ్మన్నా రాదు. కాబట్టి ఇప్పుడున్న సీటు కంటే నిజంగా మేలు అనుకున్నవే పెట్టండి. బెంజ్ సర్కిల్ దగ్గర ఏ ఇంటర్నెట్ సెంటర్లోనో కూర్చుని ఎవరితోనో ఆప్షన్లు పెట్టించుకునేవాళ్లు పాస్‌వర్డ్ తమ దగ్గరే ఉంచుకోవాలి, సేవ్ చేసిన ప్రింటవుట్‌ని వరస నంబర్లతో సహా సరిచూసుకోవాలి. చివరి విడత తర్వాత మిగిలిన సీట్లను కాలేజీలో స్పాట్ అడ్మిషన్ల ద్వారా నింపుతారు, వాటికి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. ఆ సంగతి డబ్బు కట్టాక తెలిసినవాళ్లు ఎంతోమంది.

ఇక అందరూ అడిగే ప్రశ్న: సీఎస్ఈనా, ఇంకోటా? సీఎస్ఈ, ఐటీ, ఏఐ అండ్ ఎంఎల్, డేటా సైన్స్, వీటి మధ్య పేరులో ఉన్నంత తేడా సిలబస్‌లో ఉండదు. డేటా స్ట్రక్చర్స్, డీబీఎంఎస్, ఆపరేటింగ్ సిస్టమ్స్ అందరూ చదవాల్సిందే, తేడా అంతా తర్వాత వచ్చే కొన్ని సబ్జెక్టుల్లో. అందుకే మంచి కాలేజీలో ఐటీ వదిలేసి పేరు కోసం ఎక్కడో మామూలు కాలేజీలో డేటా సైన్స్‌కి వెళ్లడం నాకు నచ్చదు. ఇంకోటి గమనించండి: 2024-25 నుంచి బాగా నడుస్తున్న కాలేజీలకు ఒక బ్రాంచ్‌లో ఇన్ని సీట్లే అన్న పైపరిమితిని ఇంజినీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ తీసేసింది. ఒక కాలేజీలో సీఎస్ఈకి ఎన్ని సెక్షన్లు, ఒక్కో సెక్షన్లో ఎంతమంది, పాఠం చెప్పేవాళ్లు ఎంతమంది, ల్యాబ్‌లో ఒక్కో సిస్టమ్ ముందు ఎంతమంది కూర్చుంటారు, ఇవన్నీ వెళ్లి కళ్లారా చూసి రండి. అక్కడ చదివే మూడో సంవత్సరం పిల్లలు క్యాంటీన్లో దొరుకుతారు, వాళ్లు చెప్పినంత నిజం బ్రోషర్లో ఉండదు.

కోర్ బ్రాంచ్‌ల గురించి చులకనగా మాట్లాడేవాళ్ల మాట వినకండి. ఏపీపీఎస్సీ ఏఈఈ (అసిస్టెంట్ ఎగ్జిక్యూటివ్ ఇంజినీర్) ఉద్యోగాలకు సివిల్, ఎలక్ట్రికల్, మెకానికల్ లాంటి ఆ బ్రాంచ్ డిగ్రీయే ఉండాలి, సీఎస్ఈ వాళ్లకు ఆ తలుపు తెరుచుకోదు. మరోవైపు గ్రూప్ 1, గ్రూప్ 2, బ్యాంకు ఉద్యోగాలకు ఏ డిగ్రీ అయినా సరే. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో చాలావాటికి కోడింగ్ వస్తే ఏ బ్రాంచ్ అయినా ఫర్వాలేదు. అంటే సాఫ్ట్‌వేర్ వైపు దారి అందరికీ కొంత తెరిచే ఉంది, కోర్ వైపు దారి మాత్రం ఆ బ్రాంచ్ వాళ్లకే. ఈ లెక్క తెలిసి నిర్ణయం తీసుకోండి.

డిగ్రీ వాళ్లకు కూడా ఇలాంటి లెక్కలే. మన రాష్ట్రంలో 2023-24 నుంచి సింగిల్ మేజర్ పద్ధతి వచ్చింది, పాత ఎంపీసీ, బీజెడ్‌సీ లాగా మూడు సబ్జెక్టులు సమానంగా కాకుండా ఒక మేజర్, దానికి తోడు ఒక మైనర్. మీరు చేరే ఏడాదికి కోర్సు నిర్మాణం ఎలా ఉందో ఆ కాలేజీ ప్రాస్పెక్టస్‌లో చూసుకోండి. టీచర్ కావాలనుకునేవాళ్లు బీఈడీలో తీసుకోబోయే మెథడాలజీకి తగిన సబ్జెక్టు డిగ్రీలో ఉండేలా ఇప్పుడే చూసుకోవాలి. ఎంసీఏకి వెళ్లాలంటే ఇంటర్లోనో డిగ్రీలోనో లెక్కలు ఉండాలి. ఎమ్మెస్సీ చేయాలంటే ఆ సబ్జెక్టు డిగ్రీలో చదివి ఉండాలి. ఎటు వెళ్లాలో తెలియనప్పుడు, ముందు ముందు ఎక్కువ తలుపులు మూసుకుపోని సబ్జెక్టు తీసుకోవడం మేలు. లెక్కలు కొంచెమైనా వచ్చేవాళ్లు లెక్కల్ని పూర్తిగా వదిలేయొద్దని నేను బతిమాలి మరీ చెబుతాను.

మారకుండానే మారే దారులు

కాలేజీ మారే ముందు ఇవి చూడండి, చాలామందికి ఇక్కడే పని అయిపోతుంది. బీటెక్‌లో మైనర్ డిగ్రీ అని ఉంది: మెకానికల్ చదువుతూనే కంప్యూటర్ సైన్స్‌లోనో ఇంకో రంగంలోనో అదనపు క్రెడిట్లు (ఒక్కో సబ్జెక్టు పాసైతే వచ్చే పాయింట్లు) చేసి సర్టిఫికెట్ మీద అది కూడా రాయించుకోవచ్చు. బ్యాక్‌లాగ్‌లు లేకుండా, సీజీపీఏ బాగుంటేనే ఇస్తారు కాబట్టి మొదటి ఏడాది నుంచే దాన్ని మనసులో పెట్టుకోవాలి. వేరే బ్రాంచ్ సబ్జెక్టులు ఎంచుకునే ఓపెన్ ఎలక్టివ్స్ ఉన్నాయి. స్వయం కోర్సులు రాసి క్రెడిట్లుగా మార్చుకోవచ్చు, ఒక సెమిస్టర్లో ఉండే కోర్సుల్లో 40 శాతం దాకా ఆన్‌లైన్‌లో చేయడానికి యూజీసీ ఒప్పుకుంది, అయితే మీ కాలేజీ ఎన్నిటికి ఒప్పుకుంటుందో ముందు అడగాలి.

ఇంకా పెద్ద మలుపు పీజీ దగ్గర ఉంది. ఉన్న కోర్సు శుభ్రంగా పూర్తిచేసి ఐసెట్ రాసి ఎంబీఏకో ఎంసీఏకో, లాసెట్ రాసి మూడేళ్ల లాకో వెళ్లడం అనేది మధ్యలో వదిలేసి మళ్లీ మొదలుపెట్టడం కంటే తక్కువ నష్టం. పాలిటెక్నిక్ పిల్లలకు ఈసెట్ ద్వారా నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరే దారి ఉండనే ఉంది. ఇప్పుడు మీరు రెండో సంవత్సరం దాటేసి ఉంటే, నా సలహా దాదాపు ఎప్పుడూ ఒకటే: పూర్తిచేయండి. కారణం కింద చెబుతాను.

మారాలని తేలిపోతే

ముందు తెలుసుకోవాల్సింది మీరు ఏ యూనివర్సిటీ నుంచి ఏ యూనివర్సిటీకి వెళ్తున్నారన్నది. మన దగ్గర ఇది తమాషాగా ఉంటుంది. బెజవాడ డిగ్రీ కాలేజీలు మచిలీపట్నంలోని కృష్ణా యూనివర్సిటీ కింద, గుంటూరువి ఆచార్య నాగార్జున యూనివర్సిటీ కింద ఉన్నాయి. 2008లో కృష్ణా యూనివర్సిటీ రాకముందు అంతా నాగార్జునే. అంటే ప్రకాశం బ్యారేజీ దాటి కాలేజీ మారితే యూనివర్సిటీ కూడా మారినట్టే, అప్పుడు టీసీతో పాటు మైగ్రేషన్ సర్టిఫికెట్ కూడా కావాలి. ఇంజినీరింగ్‌లో ఈ చుట్టుపక్కల చాలా కాలేజీలు జేఎన్‌టీయూ కాకినాడ కింద ఉన్నా, చౌడవరం ఆర్వీఆర్ అండ్ జేసీ నాగార్జున యూనివర్సిటీ కిందిది. వడ్డేశ్వరం కేఎల్, వడ్లమూడి విజ్ఞాన్ డీమ్డ్ యూనివర్సిటీలు. నీరుకొండ ఎస్ఆర్ఎం, ఇనవోలు విట్ ప్రైవేటు యూనివర్సిటీలు. ఒకే బస్సు రూట్లో నాలుగు రకాల రూల్స్ అన్నమాట.

ఒకే యూనివర్సిటీ కింద ఉన్న రెండు కాలేజీల మధ్య కూడా సిలబస్ ఒకటే అనుకోకండి. అటానమస్ కాలేజీలు సొంత సిలబస్ పెట్టుకుంటాయి. మీరు మొదటి ఏడాదిలో చదివిన సబ్జెక్టు అక్కడ రెండో ఏడాదిలో ఉండొచ్చు, అక్కడివాళ్లు చదివేసింది మీరు అసలు చూసి ఉండకపోవచ్చు. బయటి నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ ఉండి తాము చదవని సబ్జెక్టులు విడిగా రాసి పాసవ్వాలని జేఎన్‌టీయూ కాకినాడ రూల్స్ చెబుతాయి. కాబట్టి అప్లికేషన్ పెట్టకముందే రెండు సిలబస్‌లూ పక్కపక్కన పెట్టుకుని ఏవి సరిపోతాయి, ఏవి మిగిలిపోతాయి అని మీరే ఒక పట్టిక రాసుకోండి. అవతలి కాలేజీ ఎగ్జామ్ సెక్షన్‌కి అది చూపించి, "ఇవన్నీ నేను విడిగా రాయాలా, ఇంకేమైనా ఉన్నాయా" అని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి. మూడు నాలుగు సబ్జెక్టులు అదనంగా పడితే ఫర్వాలేదు, లాగేయొచ్చు. అంతకంటే బాగా ఎక్కువైతే బరువైపోతుంది.

రెండో సంవత్సరం తర్వాత మారొద్దని ఎందుకన్నానంటే, విద్యార్థుల క్రెడిట్లు జమచేసే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (ఏబీసీ) నిబంధనల్లో డిగ్రీ ఇచ్చే సంస్థలోనే కనీసం సగం క్రెడిట్లు సంపాదించాలని ఉంది. బీటెక్‌కి ఆర్23లో 160 క్రెడిట్లు. నాలుగు సెమిస్టర్లు అయ్యాయంటే సగం అయిపోయినట్టే, ఆ తర్వాత మారితే సంపాదించినవాటిలో కొన్నిటిని వదులుకోవాల్సి వస్తుంది. అందుకే మొదటి సంవత్సరం పూర్తికాగానే మారడం అన్ని విధాలా సులువు.

ఈ క్రెడిట్ బ్యాంక్ అకౌంట్ చాలామందికి ఉందని కూడా తెలియదు. డిజిలాకర్‌లోకి వెళ్లి మీ అపార్ (విద్యార్థి గుర్తింపు నంబర్) లేదా ఏబీసీ ఐడీ చూసుకోండి, అందులో మీ సెమిస్టర్ క్రెడిట్లు ఎక్కాయో లేదో చూడండి. ఎక్కకపోతే పాత కాలేజీలో ఉండగానే వెంటపడి ఎక్కించుకోండి, బయటికి వచ్చాక మీ ఫోన్ ఎవరూ ఎత్తరు. జమ అయిన క్రెడిట్లు గరిష్ఠంగా 7 ఏళ్లు చెల్లుతాయి. పేరు స్పెల్లింగ్ పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, కాలేజీ రికార్డులో ఒకేలా ఉండాలి. ఇంటిపేరు ముందా వెనకా అన్న చిన్న తేడాకే పని ఆగిపోవడం మా ఆఫీసులో మామూలే.

వరస ఇలా పెట్టుకోండి. మొదట అవతలి కాలేజీలో మీ బ్రాంచ్‌లో, మీ సంవత్సరంలో ఖాళీ ఉందా అని ప్రిన్సిపాల్ ఆఫీసులో అడగండి. ఉంటే చేర్చుకోవడానికి అభ్యంతరం లేదని ఎన్‌వోసీ తీసుకోండి. దాన్ని పట్టుకుని మీ ప్రిన్సిపాల్ దగ్గర ఎన్‌వోసీ అడగండి. రెండూ కలిపి యూనివర్సిటీకి అప్లికేషన్, ఫీజు రశీదుతో సహా. యూనివర్సిటీ అనుమతి చేతికి వచ్చాకే టీసీ, స్టడీ అండ్ కాండక్ట్, అవసరమైతే మైగ్రేషన్. అంతదాకా పాత కాలేజీలో క్లాసులకు వెళ్తూనే ఉండండి, 75 శాతం అటెండెన్స్ లేకపోతే పరీక్షలు రాయనివ్వకుండా ఆపేస్తారు (డిటెయిన్), అనారోగ్యం లాంటి కారణాలకు 65 దాకా మన్నించినా "నేను బదిలీ పనుల మీద తిరిగాను" అన్నది అందులోకి రాదు. ప్రతి కాగితానికీ ఇన్‌వర్డ్ నంబర్ వేయించుకోండి, మన కాపీ మీద స్టాంపు కొట్టించుకోండి. మార్కుల మెమోలు, చదివిన సబ్జెక్టుల సిలబస్ కాపీలు కాలేజీ సీలుతో ముందే సిద్ధం చేసుకుంటే సగం తిరుగుడు తగ్గుతుంది.

మధ్యవర్తుల గురించి గట్టిగా చెబుతున్నాను. "యూనివర్సిటీలో మావాడున్నాడు, ఇంత ఇస్తే చేయిస్తా" అనేవాళ్లకు రూపాయి కూడా ఇవ్వకండి. మీరు వెళ్లబోయే సంస్థకు అసలు డిగ్రీ ఇచ్చే హక్కు ఉందా అన్నది యూజీసీ వెబ్‌సైట్‌లో చూసుకోండి. నకిలీ యూనివర్సిటీల జాబితా కూడా అక్కడే ఉంటుంది, గుంటూరు చిరునామాతో ఉన్న సంస్థ పేరు కూడా ఆ జాబితాలో వచ్చింది. మన ఊళ్లో ఇలాంటివి ఉండవులే అనుకోవడానికి లేదు.

డబ్బు, ఇంట్లోవాళ్లు

సీటు రద్దు చేసుకుంటే ఫీజు ఎంత వెనక్కి వస్తుంది? యూజీసీ 2018 నోటిఫికేషన్ ప్రకారం అడ్మిషన్లకు ప్రకటించిన చివరి తేదీకి 15 రోజులు లేదా అంతకు ముందే రద్దు చేసుకుంటే కొద్దిపాటి ప్రాసెసింగ్ ఛార్జీ పోను మొత్తం, 15 రోజుల లోపు అయితే 90 శాతం, చివరి తేదీ దాటాక 15 రోజుల్లోపు 80 శాతం, 30 రోజుల్లోపు 50 శాతం, ఆ తర్వాత ఏమీ రాదు. కొన్ని విద్యా సంవత్సరాలకు విద్యార్థికి ఇంకా మేలు చేసే గడువులు యూజీసీ ప్రకటించింది, కాబట్టి మీ ఏడాది ప్రకటన చూసుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీ తన దగ్గర పెట్టుకోకూడదని, మొత్తం కోర్సు ఫీజు ముందే కట్టమనకూడదని కూడా అందులోనే ఉంది. "మిగతా మూడేళ్ల ఫీజు కడితేనే సర్టిఫికెట్లు" అని ఎవరైనా అంటే ఆ నోటిఫికేషన్ ప్రింట్ తీసుకుని వెళ్లి మర్యాదగా చూపించండి. వినకపోతే యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. గొంతు పెంచడం కంటే కాగితం పెట్టడం బాగా పనిచేస్తుంది.

ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివేవాళ్లు అప్లికేషన్ పెట్టకముందే కాలేజీలో స్కాలర్‌షిప్ సెక్షన్‌లో, సచివాలయంలో అడగాలి. మీ సీటు కౌన్సెలింగ్‌లో వచ్చిన కన్వీనర్ కోటాలోది అయి ఉండి అవతల మేనేజ్‌మెంట్ సీటులో చేరితే రీయింబర్స్‌మెంట్ పోతుంది, మిగతా ఏళ్ల ఫీజంతా ఇంట్లోనే కట్టుకోవాలి. బ్యాంకు లోన్ ఉంటే అది మీ ఇప్పటి కాలేజీ పేరు మీద మంజూరైంది కాబట్టి మేనేజర్‌కి చెప్పకుండా కదలకండి.

ఇంట్లో చెప్పడమే అన్నిటికంటే కష్టం, నాకు తెలుసు. మిర్చి అమ్మిన డబ్బుతోనో, బంగారం కుదువపెట్టో ఫీజు కట్టిన నాన్నకి "నాకు అక్కడ నచ్చలేదు" అంటే కోపం రాదా? అందుకే ఖాళీ చేతులతో వెళ్లకండి. ఒక కాగితం మీద రాసుకుని కూర్చోండి: ఎందుకు మారాలనుకుంటున్నాను, అది తేల్చుకోవడానికి ఇప్పటిదాకా ఏమేం చేశాను, ఎంత ఖర్చు, సంవత్సరం పోతుందా లేదా, అక్కడ సీటు దొరక్కపోతే ఏం చేస్తాను. ఈ చివరిదానికి జవాబు ఉంటే పెద్దవాళ్లు సగం మెత్తబడతారు. అమ్మానాన్నలకు కూడా ఒక మాట. పిల్లలు ఇలా వచ్చి కూర్చున్నప్పుడు పక్కింటివాళ్ల అబ్బాయితో పోల్చకండి, ముందు వాళ్లు చెప్పేది మొత్తం వినండి. చెప్పుకోలేక లోపల్లోపల నలిగిపోయే పిల్లల్ని నేను చూశాను. ర్యాగింగ్ లాంటిది ఏదైనా కారణమైతే వెంటనే యూజీసీ యాంటీ ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522కి ఫోన్ చేయండి, అది ఇరవై నాలుగు గంటలూ పనిచేస్తుంది.

కొత్తచోట చేరాక మొదటి నెలలో ఈ పనులు పూర్తిచేయండి. హాజరు పట్టీలో మీ పేరు, కొత్త రోల్ నంబర్ ఎక్కాయా చూడండి. స్కాలర్‌షిప్ వివరాలు కొత్త కాలేజీ పేరుకి మారాయో లేదో కనుక్కోండి. పాత క్రెడిట్లు ఇక్కడి రికార్డులో చేరాయా, విడిగా రాయాల్సిన సబ్జెక్టుల జాబితా మీద సంతకం ఉందా అన్నది ఎగ్జామ్ సెక్షన్‌లో నిలబడి తేల్చుకోండి. ఆ సబ్జెక్టులకు పరీక్ష ఫీజు నోటిఫికేషన్ ఎప్పుడు పడుతుందో బోర్డు చూస్తూ ఉండండి, మీ క్లాసువాళ్లెవరికీ ఆ పరీక్ష ఉండదు కాబట్టి మీకు ఎవరూ గుర్తు చేయరు.